బండి కంటే ముందు కాగితాలు

రాజమహేంద్రవరం నుంచి.

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, అల్లుడుగారికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాక ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. పదిహేనేళ్ల మీ బాబును చక్రాల కుర్చీలోంచి ఎత్తి ఆటోలో కూర్చోబెట్టడం, మళ్లీ ఆసుపత్రి దగ్గర ఎత్తి దింపడం, వారానికి రెండుసార్లు ఒంగోలు నుంచి గుంటూరుకు వెళ్లి రావడం ఎంత కష్టమో మా అమ్మాయిని ఇరవై ఏళ్లు అలాగే మోసిన నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అల్లుడుగారికి నడుము నొప్పి మొదలైందని రాశావు. నాకూ సరిగ్గా అక్కడే మొదలైంది. అందువల్ల బండి కొనడం విలాసమేమోనన్న సంకోచాన్ని ఇద్దరూ ముందు మనసులోంచి తీసివేయండి.

"మామయ్యా, బాబును సులువుగా ఎక్కించి దించేలా మార్పులు చేయించిన బండికి డబ్బు ఎవరిస్తారు?" అని అడిగావు. మొత్తం డబ్బు ఒక్క చోట నుంచి ఇచ్చే పథకం నా అనుభవంలో ఎక్కడా కనిపించలేదు. ఇక్కడ పన్ను కొంత తగ్గుతుంది, అక్కడ వడ్డీ కొంత తగ్గుతుంది, మరొక చోట బీమా ప్రీమియం తగ్గుతుంది, ఒక సేవా సంస్థ ర్యాంపు ఖర్చు భరిస్తుంది. ఇవన్నీ కలిస్తేనే పెద్ద మొత్తం అవుతుంది. అయితే వీటిలో చాలా భాగం, పనులు ఒక వరుసలో చేసినవారికే దక్కుతుంది. నేను ఆ వరుస తెలియక బండి ముందు కొని కాగితాల కోసం తరువాత తిరిగాను. కారు మా ఆవిడ పేరు మీద కొన్నాం, ఒక షెడ్డులో సీటు మార్పించాం, ఆ మార్పును ఆర్‌సీలో, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రంలో, ఎక్కించలేదు. ఆ తరువాత టోల్ గేటు దగ్గర మినహాయింపు అడిగినప్పుడు, "ఇది మీ అమ్మాయి కోసం తయారైన బండి అని ఆర్‌సీలో ఎక్కడుంది?" అని అడిగితే నా దగ్గర సమాధానం లేకపోయింది.

కాబట్టి మొదట బాబు సర్టిఫికెట్లు తీసి బల్ల మీద పెట్టు. వైకల్యం ఎంత శాతమో ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ గడువు ముగిసిందేమో చూడు. యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల జాతీయ గుర్తింపు కార్డు ఉందా, దానిలో వైకల్య శాతం, వైకల్యం పేరు సదరంలో ఉన్నట్టే ఉన్నాయా, పేరులోని అక్షరాలు ఆధార్‌తో సరిపోతున్నాయా అన్నవి ఒక్కొక్కటిగా పోల్చి చూడు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, బాబుకున్న సెరిబ్రల్ పాల్సీ వాటిలో ఒకటి. 40 శాతం, ఆపైన ఉన్నవారికే చాలా ప్రయోజనాలు వర్తిస్తాయి. గడువు ముగిసి ఉంటే వార్డు సచివాలయంలో స్లాట్ తీసుకుని సదరం క్యాంపుకు వెళ్లి రండి. ఈ ఒక్క పని పూర్తయ్యేవరకు ఏ షోరూములోనూ అడ్వాన్సు కట్టవద్దు.

ఇక బండి ఎంపిక గురించి. డబ్బు మిగిలేదీ పోయేదీ ఎక్కువగా ఇక్కడే కనుక కొంచెం వివరంగా రాస్తాను. 2025 సెప్టెంబరు 22 నుంచి, నాలుగు మీటర్ల లోపు పొడవు ఉండి, పెట్రోలు అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటని కార్లకు జీఎస్టీ అందరికీ 18 శాతమే. అంతకంటే పెద్ద కార్లకు అది 40 శాతం. పన్నుకు ముందు ఐదు లక్షలున్న బండికి 18 శాతం చొప్పున తొంభై వేలు కడితే, 40 శాతం చొప్పున రెండు లక్షలు కట్టాలి. ఆ లక్షా పదివేల తేడాను ఏ దాత దగ్గరా అంత సులువుగా సంపాదించలేము. ఎముకలు, కీళ్ల వైకల్యం ఉన్నవారు కేంద్ర భారీ పరిశ్రమల శాఖ సర్టిఫికెట్ తెచ్చుకుంటే చిన్న కార్లకు 18 శాతమే పన్ను పడే వెసులుబాటు ఇంతకు ముందు ఉండేది. పాత వీడియోలు చూసి చాలామంది ఇప్పటికీ దాని గురించే అడుగుతున్నారు. ఇప్పుడు అదే రేటు అందరికీ వచ్చింది కాబట్టి ఆ సర్టిఫికెట్ కోసం నెలల తరబడి ఎదురుచూడవలసిన పని లేదు.

మారుతీ ఈకో వంటి వ్యాన్లు ఈ కొలతల లోపలే ఉంటాయి, తలుపు పక్కకు జరుగుతుంది, లోపల ఎత్తు ఉంటుంది. కానీ కొనే ముందు బాబును కుర్చీలో కూర్చోబెట్టి నేల నుంచి తల వరకు ఎంత ఎత్తు ఉన్నాడో టేపుతో కొలవండి, రెండేళ్లలో పెరిగే ఎత్తును కూడా దృష్టిలో ఉంచుకోండి. ర్యాంపు గురించి కూడా లెక్క వేసుకోవాలి. భవనాలకు చెప్పే ఒకటికి పన్నెండు వాలు (ఒక మీటరు ఎత్తుకు పన్నెండు మీటర్ల పొడవు) లెక్కన అరవై సెంటీమీటర్ల ఎత్తుకు ఏడు మీటర్లకు పైగా పొడవున్న ర్యాంపు కావాలి. అది బండిలో పట్టదు కనుక వాలు ఎక్కువగానే ఉంటుంది, వెనుక నుంచి బలంగా నెట్టే మనిషి ఒకరు తప్పనిసరిగా ఉండాలి. బాబును ఎత్తడం ఇంకా సాధ్యమే అనుకుంటే, ముందు సీటు బయటి వైపుకు తిరిగే ఏర్పాటుతో కొన్నేళ్లు గడుస్తాయి. దాని ఖర్చు వేలల్లో ఉంటుంది, బండి లోపలి నేలను కిందికి దించి ర్యాంపు అమర్చే పని లక్షల్లోకి వెళుతుంది. నా అభిప్రాయం అడిగితే, బాబు ఎదుగుతున్న వయసులో ఉన్నాడు, అల్లుడుగారి నడుము ఇప్పటికే దెబ్బతింది. కాబట్టి కుర్చీతో సహా ఎక్కే పద్ధతి వైపే మొగ్గు చూపండి.

మార్పులు చేసే షెడ్డు వారి దగ్గర ఒక మాట గట్టిగా పట్టుకో. దివ్యాంగులు వాడే వాహనాలకు తరువాత అమర్చే పరికరాల (రెట్రోఫిట్ కిట్ల) మీద జీఎస్టీ 5 శాతమే అని 2021లో జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయించింది. చాలామంది తెలియక 18 శాతం వేసేస్తారు. కొటేషన్‌లో కిట్ ధర, కూలి, పన్ను వేర్వేరుగా రాయించుకో.

రిజిస్ట్రేషన్ బాబు పేరు మీదే చేయించు. మైనర్ పేరున బండి ఎలా అవుతుందని కొందరు అడ్డు చెప్పవచ్చు. యజమాని మైనరైతే అతని సంరక్షకుణ్ణి యజమానిగా భావించాలని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. రిజిస్ట్రేషన్ దరఖాస్తు అయిన ఫారం 20లో యాజమాన్యం రకం దగ్గర దివ్యాంగజన్ అని నింపే వీలు 2020 అక్టోబరు నుంచి ఉంది, దాన్ని ఖాళీగా వదలవద్దు. మార్పులు పూర్తయ్యాక పద్నాలుగు రోజుల లోపు రవాణా కార్యాలయానికి తెలిపి, అడాప్టెడ్ వెహికల్‌గా (దివ్యాంగుల కోసం మార్చిన వాహనంగా) ఆర్‌సీలో నమోదు చేయించు. 2019లో చట్టాన్ని సవరించి, ఇలాంటి మార్పులకు స్పష్టంగా చోటు కల్పించారు. అదే కార్యాలయంలో లైఫ్ టాక్స్ మినహాయింపుకు దరఖాస్తు పెట్టి, షరతులు ఏమిటో బండి బుక్ చేయక ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకో. ఆ పన్ను చిన్న మొత్తం కాదు.

ఆర్‌సీలో ఆ ఒక్క మాట పడితే రెండు ప్రయోజనాలు వెంట వస్తాయి. జాతీయ రహదారుల రుసుముల నిబంధనలు, 2008 ప్రకారం దివ్యాంగుల కోసం ప్రత్యేకంగా తయారైన వాహనానికి టోల్ మినహాయింపు ఉంది. దానికి టోల్ కట్టనక్కరలేని మినహాయింపు ఫాస్టాగ్ కోసం దరఖాస్తు చేయాలి, గేటు దగ్గర యూడీఐడీ కార్డు చూపిస్తే సరిపోదు. వారానికి రెండుసార్లు తిరిగే మీకు ఏడాదికి ఇది లెక్కలోకి వచ్చే సొమ్మే. రెండోది బీమా. మోటార్ టారిఫ్‌లో ఐఎంటీ-12 అనే నిబంధన కింద ఇలాంటి బండ్లకు సొంత నష్టం ప్రీమియంలో, అంటే మన బండికి జరిగే నష్టానికి కట్టే భాగంలో, 50 శాతం తగ్గింపు ఉంది. ఏజెంటు దాన్ని తనంతట తాను చెప్పడు, మనమే పేరు పెట్టి అడగాలి. తగ్గింపు సంగతి అలా ఉంచినా, చేసిన మార్పుల గురించి బీమా కంపెనీకి చెప్పకపోతే ప్రమాదం జరిగిన రోజున క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

అప్పు విషయంలో తొందరపడి షోరూము వారు చూపించిన ఫైనాన్స్ తీసుకోవద్దు. జాతీయ దివ్యాంగుల ఆర్థిక, అభివృద్ధి సంస్థ ఇచ్చే రుణాలు రాష్ట్ర ఏజెన్సీల ద్వారా, కొన్ని ప్రభుత్వ రంగ బ్యాంకులు, గ్రామీణ బ్యాంకుల ద్వారా వస్తాయి, వడ్డీ తక్కువ. దానికి జిల్లాలోని విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ కార్యాలయానికి కొటేషన్లతో వెళ్లి అడుగు. ఒకసారి వెళితే రుణం రాలేదని ఊరుకోవద్దు, దరఖాస్తు ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకో. అల్లుడుగారు పాత పన్ను విధానంలో ఉంటే, ఆదాయపు పన్నులో ఆధారపడిన దివ్యాంగుడి పేరున 75,000 రూపాయలు, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 రూపాయలు మినహాయింపు వస్తుంది. ఏ విధానం లాభమో ఈ సంగతి కలిపి లెక్క వేయించుకోండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు వస్తాయి. అది బండికి సంబంధించినది కాకపోయినా థెరపీకి పోయే డబ్బు మిగిలితే అది కిస్తీకి పనికొస్తుంది.

దాతల దగ్గరకు చివరగా వెళ్లు. మిగిలిన లోటు ఎంతో కచ్చితంగా తెలిసిన తరువాత వెళితే, అడిగేది భిక్షలా ఉండదు. "ర్యాంపుకూ, కుర్చీని నాలుగు వైపులా బిగించే బెల్టులకూ ఇంత కావాలి, ఇదిగో కొటేషన్, చెక్కు నేరుగా షెడ్డు పేరున ఇవ్వండి" అని చెబితే రోటరీ, లయన్స్ క్లబ్బుల పెద్దలు నమ్మకంతో వింటారు. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు సాధారణంగా వ్యక్తుల చేతికి రావు, ఆ నిధులు తీసుకోవడానికి కావలసిన సీఎస్ఆర్-1 నమోదు ఉన్న ట్రస్టు ద్వారా అడగాలి. ఆన్‌లైన్‌లో చందాలు పోగుచేయాలని మీవాళ్లు సలహా ఇచ్చారని రాశావు. చేయవచ్చు, కానీ బాబు ఏడుస్తున్న ఫొటో మాత్రం పెట్టవద్దు. పదిహేనేళ్ల పిల్లవాడు, అన్నీ అర్థమవుతాయి. వాణ్ణే అడిగి, వాడికి నచ్చిన ఫొటో పెట్టండి.

ఇంకో సంగతి మరచిపోవద్దు. మూడేళ్లలో బాబుకు పద్దెనిమిది నిండుతాయి. అప్పుడు బండి అమ్మాలన్నా, మార్చాలన్నా నీ సంతకం దానంతట అదే చెల్లదు. వాడు స్వయంగా సంతకం చేయలేని పరిస్థితి ఉంటే, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ దగ్గర సంరక్షకత్వం తీసుకోవాలి. ఆ దరఖాస్తు సంగతి బాబుకు పదిహేడో ఏడు రాగానే చూసుకోండి.

సదరం కాగితం, ఆధార్, యూడీఐడీ మూడింటి నకళ్లు ఈ వారంలోనే నాకు పోస్టులో పంపు. వాటిలో పేర్లు సరిచూసి, సంక్షేమ శాఖకు ఇవ్వవలసిన దరఖాస్తు నేనే రాసి పంపుతాను. షెడ్డు వారి కొటేషన్ వచ్చాక సంతకం చేసే ముందు ఒకసారి ఫోన్ చేయి.

మీ మామయ్య