ముగ్గురు కుర్రాళ్లు, ఒక గేమ్ స్టూడియో: ప్లేస్‌మెంట్లు వదులుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి గుంటూరులో బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడు. ఇద్దరు స్నేహితులతో కలిసి గేమ్ స్టూడియో పెడతాడట, ప్లేస్‌మెంట్లకు కూర్చోడట. యాంగ్రీ బర్డ్స్ కంపెనీ పెట్టిందీ ముగ్గురు స్టూడెంట్లే అంటున్నాడు. ఏం చెప్పమంటారు?
- ఒక తండ్రి, బ్రాడీపేట

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనండీ, కాకపోతే సగమే. ఆ కంపెనీ రోవియో. 2003లో ఫిన్లాండ్‌లో ముగ్గురు విద్యార్థులు ఒక మొబైల్ గేమ్ పోటీలో గెలిచి మొదలుపెట్టారు. యాంగ్రీ బర్డ్స్ వచ్చింది 2009 డిసెంబరులో. అది వాళ్ల 52వ గేమ్. అంతకుముందు చేసినవాటిలో చాలావరకు వేరే కంపెనీల కాంట్రాక్టులే. అయినా 2009 నాటికి సిబ్బంది యాభై నుంచి పన్నెండుకు పడిపోయి, కంపెనీ మూతపడే దాకా వచ్చింది. మన దగ్గర పుణె స్టూడియో నోడింగ్ హెడ్స్‌దీ తేలికైన దారి కాదు. ‘రాజీ’ అనే గేమ్ కోసం 2017లో జనం నుంచి చందాలు అడిగితే అనుకున్నంత రాలేదు. గేమ్ 2020లో గానీ బయటికి రాలేదు.

కాబట్టి అబ్బాయిని ఒక్కటే అడగండి, కోప్పడకుండా: హిట్టు కొట్టేదాకా నెలనెలా ఖర్చు ఎవరు పెడతారు? దానికి జవాబు దొరికేదాకా ప్లేస్‌మెంట్లు వదులుకోవద్దు.

అలాగని ఖాళీగా ఉండమనడం లేదు. గేమ్ తయారుచేసే గోడో, బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితం. టూడీ గేముకు 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ సరిపోతుంది. ఒకే లెవెల్, ఒకే కంట్రోల్, ఆరు వారాల గడువు. పలువురు ఆన్‌లైన్‌లో కలిసి ఆడే మల్టీప్లేయర్ జోలికి అసలు పోవద్దు. సర్వర్ అద్దె ఒక ఎత్తు, ఆడేవాళ్లు లేక ఖాళీగా పడుండే లాబీ (తోటి ఆటగాళ్ల కోసం ఎదురుచూసే చోటు) ఇంకో ఎత్తు.

పూర్తయ్యాక ముక్కూమొహం తెలియనివాళ్ల చేతికి ఫోనిచ్చి, నోరు మెదపకుండా చూడాలి. గేములో బొమ్మ గట్టు అంచు దాటిన క్షణానికి జంప్ నొక్కి పడిపోతే ఆటగాడు గేమునే తిడతాడు. అంచు దాటాక కూడా సెకనులో పదో వంతు, అంటే సెకనుకు 60 ఫ్రేములు (తెరపై మారే చిత్రాలు) నడిచే గేములో ఆరు ఫ్రేములు, జంప్ పనిచేసేలా రాస్తే ఆ చిరాకు పోతుంది. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కన్నా ఇలాంటి పనే నిలబెడుతుంది.

ప్లే స్టోర్ ఫీజు ఒక్కసారి 25 డాలర్లు. కొత్త వ్యక్తిగత ఖాతాకైతే 12 మంది టెస్టర్లు (విడుదలకు ముందే ఆడి చూసేవాళ్లు) 14 రోజులు ఆపకుండా నమోదై ఉండాలి. మధ్యలో ఎవరైనా తప్పుకుంటే లెక్క చెడుతుంది, పదిహేను, ఇరవై మందిని పెట్టుకోండి. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లో గేముకు 100 డాలర్లు.

ముగ్గురూ ఇప్పుడే కాగితం రాసుకోవాలి. మనవైపు ఒకరైనా ఎమ్మెస్‌కని అమెరికా వెళ్తారు. అప్పుడు కోడ్ ఎవరిది, బొమ్మలు ఎవరివి, స్టోర్ ఖాతా ఎవరి పేరు మీద ఉంటుంది, వచ్చిన డబ్బులో వాటా ఎంత - ఇవన్నీ అందులో ఉండాలి.