ముందు గొంతు, తర్వాతే గిటారు

అమ్మడూ,

సప్పోరోలో కాలేజీ కెయోన్ (బ్యాండు సంగీతం) క్లబ్బులో చేరావనీ, ఐదుగురు కలిసి బ్యాండు కట్టారనీ, శరదృతువు ఉత్సవంలో మూడు వోకలాయిడ్ (కంప్యూటర్ గొంతుతో పాడించే) రాక్ పాటలు వాయిస్తారనీ అన్నయ్య చెప్పాడు. పాడేది నువ్వేనట! వదినకి ఫోన్ చేసి అదే కబురు మళ్ళీ చెప్పించుకుని మురిసిపోయాను. ఆ తర్వాత మీరు అనుకుంటున్న పాటల పేర్లు చెప్పింది. అప్పట్నుంచి గుండెల్లో గుబులుగా ఉంది.

చిన్నవి ముందే చెప్పేస్తాను. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) లేకుండా సాధన వద్దు. అందరూ ఒకే వెర్షన్ విని నేర్చుకోండి. ఒక పాట చివరిదాకా తప్పుల్లేకుండా వచ్చాకే రెండోది ముట్టుకోండి.

ఇక గొంతు సంగతి. హత్సునే మికు అనే వోకలాయిడ్ గొంతుని మీ ఊరి కంపెనీ క్రిప్టన్ 2007 ఆగస్టు 31న విడుదల చేసింది. ఆ గొంతు ఏ3 నుంచి ఈ5 దాకా (అక్షరం స్వరం పేరు, అంకె స్థాయి; అంకె పెరిగితే పై స్థాయి), నిమిషానికి 70 నుంచి 150 బీట్ల వేగంలో బాగా పలుకుతుందని వాళ్ళే హద్దు చెప్పారు. పాటలు కట్టినవాళ్ళు ఆ హద్దుని ఎప్పుడో దాటేశారు. కంప్యూటర్‌కి ఊపిరి అక్కర్లేదు, మూడో పల్లవి కూడా మొదటి పల్లవి అంత తాజాగా పాడేస్తుంది. నువ్వో, దసరా పందిట్లో మైకు లేకుండా పాడి మూడు రోజులు మాట పడిపోయిన పిల్లవి. నాకు అది ఇంకా కళ్ళముందే ఉంది.

కొత్త బ్యాండ్లు ఏళ్ళ తరబడి చేస్తున్న తప్పు ఒకటుంది, నిదానంగా చదువు. పాటని గిటారు వాళ్ళు ఎంచుకుంటారు. టాబ్ (ఏ తీగ ఎక్కడ నొక్కాలో చెప్పే రాత) దొరికింది, అన్నీ పవర్ కార్డులే (రెండు స్వరాల తేలిక కార్డులు), సులువే అనుకుంటారు. అసలు శ్రుతిలోనే నెలన్నర వాయించి చేతికి పట్టిస్తారు. పాడే అమ్మాయి అప్పటిదాకా పక్కన నిలబడి సగం గొంతుతో పాడుతూ ఉంటుంది. సగం గొంతుతో డి5 కూడా హాయిగా అందినట్టే ఉంటుంది. పూర్తి డ్రమ్స్ మోత మీద మొదటిసారి గొంతు విప్పిన రోజు, రెండో పల్లవికల్లా అదే స్వరం అరుపై పోతుంది. అప్పుడు అందరూ శ్రుతి తగ్గిద్దాం అంటారు. కానీ గిటారు మెట్టు (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న వరస) విడితీగల (వేలితో నొక్కని తీగల) మీద కట్టి ఉంటుంది. రెండు ఫ్రెట్లు (ఒక్కో ఫ్రెట్ అర స్వరం) దించితే ఆ విడితీగలు వాయింపులోంచి పోతాయి, వేళ్ళకి అలవాటైన ఆకారాలన్నీ మారిపోతాయి. కాపో (గిటారు మెడకి బిగించే క్లిప్పు) శ్రుతిని పెంచగలదే కానీ దించలేదు. గిటార్లూ బేస్ గిటారూ అన్ని తీగలూ సమానంగా రెండు ఫ్రెట్లు దించి కట్టుకుంటే (ఈ-ఏ-డి-జి-బి-ఈ కాస్తా డి-జి-సి-ఎఫ్-ఏ-డి అవుతుంది) పాత ఆకారాలతోనే బండి నడుస్తుంది. అంతకన్నా దించితే మామూలు మందం తీగలు వదులై గిలగిలమంటాయి. ఉత్సవానికి పది రోజులుండగా ఇవన్నీ ఎవరు సర్దుతారు? ఎవరూ సర్దరు. అమ్మాయే గొంతు చించుకుని ఎలాగో పాడేస్తుంది.

అందుకని మొదటి రోజే, ఎవరూ గిటారు తియ్యకముందే, ఇలా చెయ్యి. పియాప్రో అనే క్రిప్టన్ వాళ్ళ వెబ్‌సైటులో పాట కట్టినవాళ్ళు పెట్టే గొంతులేని ట్రాకు దొరుకుతుందేమో చూడు. దాని మీద, నిలబడి, వేదిక మీద పాడేంత గట్టిగా, ఆపకుండా మూడుసార్లు పాడి ఫోన్‌లో రికార్డు చెయ్యి. అందుకున్న పై స్వరం ఏదని చూడకు, పట్టి నిలపాల్సిన పై స్వరం ఏదో చూడు. శిక్షణ లేని ఆడగొంతుకి గట్టిగా పాడేటప్పుడు సి5 దాటితే నాకు భయమే. మూడోసారి చివరి పల్లవిలో మెడ నరాలు బిగిశాయా, మర్నాడు పొద్దున గొంతు బొంగురుగా ఉందా? రెండు ఫ్రెట్లు దించి మళ్ళీ పాడు. అప్పటికీ అంతేనా, ఆ పాట వదిలెయ్యి. ఇందులో బేరం లేదు.

మీరు అనుకున్న రోలింగ్ గర్ల్ దాదాపు 195 వేగం, కగెరో డేజ్ 200. డ్రమ్స్ అబ్బాయికి ఆర్నెల్ల అనుభవం అన్నారు. 200లో హై-హాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) మీద ఎనిమిదో స్వరాలంటే (బీటుకి రెండు దెబ్బలు) నిమిషానికి 400 దెబ్బలు, నాలుగు నిమిషాలపాటు. చెయ్యి బిగుసుకుంటుంది, వేగం జారుతుంది, నువ్వు ఊపిరి తీసుకునే చోట్లు తారుమారవుతాయి. రోలింగ్ గర్ల్ కట్టిన వొవాకా 2019లో కన్నుమూశాడు. అతని పాట అంటే నాకూ ప్రాణమే. అందుకే కుంటుతూ వాయించొద్దంటున్నాను. వచ్చే ఏడాది వాయించండి.

ఈ ఏడాదికి మొదటి పాట రోకి. మికితో-పి 2018లో కట్టాడు, వేగం 150. వోకలాయిడ్ గొంతు కగమినే రిన్‌తో పాటు అతనూ గొంతు కలిపాడు. అంటే మీ గిటారు అబ్బాయి ఆ వరసలు పంచుకుంటే నీకు ఊపిరి తీసుకునే చోటు దొరుకుతుంది. కొత్తవాళ్ళకి ఇంతకన్నా అనువైనది నాకు తోచదు. రెండోది షార్ల్, బలూన్ అనే అతను 2016లో కట్టింది, వేగం 145. అతనే స్వయంగా పాడిన వెర్షన్ కూడా ఉంది, మనిషి ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో విని కాగితం మీద గుర్తు పెట్టుకో. గిటారు తెగవేతలు (మోతని తెగ్గొడుతూ వాయించే దెబ్బలు) మాత్రం 110 వేగంలో మొదలెట్టి నాలుగేసి పెంచుకుంటూ రావాలి. మూడోది సెంబోన్‌జాకురా, 154. జనం తోడు పాడతారు. పియానో మెట్టుని రెండో గిటారు ఒంటి తీగ మీద వాయిస్తే చాలు. చివరి పల్లవి డి మైనర్ నుంచి ఒక ఫ్రెట్ పైకి ఎగురుతుంది. ఆ ఎగురుడు తీసేసి డి మైనర్‌లోనే ఉండిపోండి, ఎవరూ నొచ్చుకోరు.

అసలు ట్రాకులో మూడు నాలుగు గిటార్లు పేర్చి ఉంటాయి. అవన్నీ పట్టుకోవాలని చూడకండి. బేస్ మూలస్వరం మీద, ఒక గిటారు కార్డులు, ఇంకోటి మెట్టు, అంతే.

ఇంకొక్కటి. సాహిత్యం ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోకు, తెలుగులో రాసుకో. జపనీసు పాట మాత్రల లెక్కన నడుస్తుంది, మన ఛందస్సులాగే. కితె రెండు మాత్రలు, కిత్తె మూడు. ఒబసన్ అంటే అత్త, ఒబాసన్ అంటే అమ్మమ్మ! ఇంగ్లీషు అక్షరాల్లో ఆ దీర్ఘం మాయమైపోతుంది. త్సు అనేది మన "చుక్క"లోని మొదటి ధ్వనే, నీకు కొత్తగా నేర్చుకోవాల్సిన పని లేదు.

ఆదివారం లోపు రోకి మూడుసార్లు పాడిన రికార్డింగు పంపు. బాగున్న ముక్క ఏరి పంపకు, మొత్తం పంపు. మూడోసారి చివరి పల్లవే నేను ముందు వింటాను. వేణ్ణీళ్ళు తాగుతున్నావా?

నీ మేనత్త