రాత్రంతా నిలిచి ఉండే కారుకు త్రీ ఫేజ్ ఎందుకు?

ప్రశ్న: వనస్థలిపురంలో మాకు సొంత ఇల్లు ఉంది. కింద మేము, పై పోర్షన్‌లో అద్దెకున్నవారు. మీటర్లు వేరు. మేము నెలకు సగటున 340 యూనిట్లు, వారు 150 యూనిట్లు వాడతాం. నా ఉద్యోగం మాదాపూర్‌లో, రానూపోనూ రోజుకు 60 కిలోమీటర్లు. ఎలక్ట్రిక్ కారు బుక్ చేశాను. మాది సింగిల్ ఫేజ్, లోడ్ 4 కిలోవాట్లు. త్రీ ఫేజ్‌కు మారి, మెయిన్ బోర్డు మార్చి, 7.2 కిలోవాట్ల చార్జర్ బిగించడానికి 62 వేలు అవుతుందని ఎలక్ట్రీషియన్ అంచనా ఇచ్చారు. ఆ మొత్తాన్ని ఏడేళ్ల కారు అప్పులో కలిపేస్తామని డీలరు అంటున్నారు. పెట్రోలు ఖర్చు మిగులుతుంది కాబట్టి ఫర్వాలేదా? లేక పైవారి మీటరు నుంచి చార్జింగ్ పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుందా?

జవాబు: ముందు పెట్రోలు లెక్క తేల్చేద్దాం. ఇంత పెద్ద ఖర్చుకూ మీరు తలూపడానికి కారణం అదే. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగే కారు లీటరుకు 15 ఇస్తే 100 లీటర్లు తాగుతుంది. లీటరు 107 రూపాయల చొప్పున 10,700. అదే దూరానికి ఎలక్ట్రిక్ కారు, చార్జింగ్‌లో పోయే కరెంటుతో కలిపి, సుమారు 250 యూనిట్లు తీసుకుంటుంది. మీ మీటరులో 340 మీద ఆ 250 చేరితే 60 యూనిట్లు 9 రూపాయల శ్లాబ్‌లో, మిగతా 190 యూనిట్లు 9.50 శ్లాబ్‌లో పడతాయి. అంటే 2,345 రూపాయలు. నెలకు ఎనిమిది వేల పైచిలుకు మిగులుతుంది, నిజమే. కానీ ఆ మిగులు కారు తెచ్చిపెట్టేది. చార్జర్ మూడు గంటల్లో నింపినా, ఐదు గంటల్లో నింపినా అందులో రూపాయి తేడా రాదు. కాబట్టి 62 వేలను పెట్రోలు ఖాతాలో రాసుకుని సరిపెట్టుకోకండి. అడగవలసింది వేరే ప్రశ్న: ఇదే పని తక్కువలో అవుతుందా?

అవుతుంది. 60 కిలోమీటర్ల ప్రయాణానికి గోడ సాకెట్ నుంచి పది యూనిట్లు చాలు. మామూలు 15 ఆంపియర్ల పోర్టబుల్ చార్జర్ గంటకు సుమారు 3.3 యూనిట్లు ఇస్తుంది, అంటే మూడు గంటల పని. 10 ఆంపియర్లకు తగ్గించి పెట్టుకున్నా (చాలా కార్లలో ఈ సెట్టింగ్ ఉంటుంది) 2.3 కిలోవాట్ల చొప్పున నాలుగున్నర గంటలు. మీ కారు రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా గేటు లోపల ఊరికే నిలబడి ఉంటుంది కదా. ఇంకో సంగతి. కొన్ని చిన్న మోడళ్లలో కారు లోపలి చార్జరే 3.3 కిలోవాట్లకు మించి తీసుకోదు. అలాంటి కారుకు గోడ మీద 7.2 బిగించినా అది నింపుకునేది తన వేగంతోనే. మీరు బుక్ చేసిన వేరియంట్ వివరాల్లో ఆ అంకె చూడండి.

ఇక 4 కిలోవాట్ల సంగతి. మీ కరెంటు బిల్లులో కాంట్రాక్టెడ్ లోడ్ (మీకు మంజూరైన లోడ్, ఆ 4 కిలోవాట్లు) పక్కనే ఆర్‌ఎండీ అని ఒక అంకె ఉంటుంది. ఆ నెలలో మీ ఇల్లు ఒకేసారి లాగిన గరిష్ఠ కరెంటు అది. మే బిల్లు, డిసెంబరు బిల్లు తీసి రెండూ చూడండి. మే నెలలో ఏసీలు, డిసెంబరులో గీజర్లు దాన్ని పైకి లాగుతాయి. గీజరు ఒక్కటే 2 కిలోవాట్లు. దానికి తోడు నీళ్ల మోటారు, ఇస్త్రీపెట్టె, వాటి మీద కారు కలిస్తే 4 దాటడం ఖాయం. అందుకే టైమర్‌ను రాత్రి 11 తర్వాత పెట్టి, ఉదయం ఐదున్నరకల్లా ఆగేలా చూసుకోండి. ఆ వేళకు గీజరూ మోటారూ పని చేయవు, ఏసీలూ గది చల్లబడి నెమ్మదిస్తాయి. అయినా ఎండాకాలంలో రెండు ఏసీలు, కారు కలిస్తే 4 అంచుకు వస్తుంది. కాబట్టి ఒక కిలోవాట్ అదనపు లోడ్‌కు దరఖాస్తు చేసుకోండి. సాధారణంగా 5 కిలోవాట్ల దాకా సింగిల్ ఫేజ్‌లోనే ఉండవచ్చు. లోడ్ పెంచుకోవడం వేరు, త్రీ ఫేజ్‌కు మారడం వేరు. మీ ఎలక్ట్రీషియన్ ఆ రెంటినీ ఒక్క మూటగా కట్టారు.

ఇంతవరకూ పొదుపు చెప్పాను. ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు. మా ఇంట్లో మొదటి నెల నేను చేసిన పొరపాటు చెబుతాను. వరండాలో పాత గీజరు కోసం వేసిన 15 ఆంపియర్ల సాకెట్ ఉంటే, ఉన్నది చాలదా అని కారు దానికే తగిలించాను. రెండు గంటల తర్వాత ప్లగ్ తీయబోతే చెయ్యి చురుక్కుమంది. సాకెట్ రంధ్రాల చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ బిస్కట్ రంగుకు తిరిగింది. గీజరు పావుగంట పనిచేసి ఆగుతుంది, కారు ఆగకుండా గంటల తరబడి లాగుతుంది. లోపల ఉన్న సన్నటి తీగ, వదులైన స్క్రూ ఆ వేడికి తట్టుకోలేవు.

కాబట్టి మెయిన్ బోర్డు నుంచి కారు కోసమే ఒక లైన్ లాగించండి. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికి విడిగా 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడ్ మించితే లైన్ ఆపేసే స్విచ్), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), 16 ఆంపియర్ల ఇండస్ట్రియల్ సాకెట్. ఎర్తింగ్‌ను పరీక్ష చేయించి, బాగోలేకపోతే కొత్త గుంత తవ్వించండి. పాత ఇళ్లలో ఎర్త్ తీగ ఉంటుంది, ఎర్త్ ఉండదు! సాకెట్‌ను నాలుగడుగుల ఎత్తులో పెట్టించండి. 2020 అక్టోబరు వానలకు మీ వైపు కాలనీల్లో నీళ్లు ఎలా నిలిచాయో మీకు నేను చెప్పనక్కరలేదు. మీటరు బోర్డు నుంచి పార్కింగ్ మరీ దూరం కాకపోతే ఇదంతా 15 వేల లోపు పని.

పైవారి మీటరు ఆలోచన చూడటానికి తెలివైనదే, లెక్క వేస్తే తేలిపోతుంది. 150 యూనిట్లకు వారి ఎనర్జీ చార్జీ 580 రూపాయలు. మీ 250 కలిస్తే 400. నెల వాడకం 200 దాటగానే అదనపు యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోతుంది. బిల్లు 2,690 అవుతుంది. తేడా 2,110. మీ మీటరులోనైతే 2,345. నెలకు 235 రూపాయల కోసం ఇంకొకరి బిల్లులో వేలు పెట్టి, ప్రతి నెలా మెట్లెక్కి లెక్కలు చెప్పుకోవాలి. వారికి గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తుంటే 200 దాటిన నెల అదీ పోతుంది.

వేరే మీటరే కావాలనుకుంటే కారుకే తీసుకోండి. 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ఎలక్ట్రిక్ వాహనానికి విడిగా కనెక్షన్ అడగవచ్చు. మన రాష్ట్ర టారిఫ్‌లో వాహన చార్జింగ్ కేటగిరీకి యూనిట్ 6 రూపాయలు, కిలోవాట్ల మీద స్థిర చార్జీ అదనం. 250 యూనిట్లకు 1,500 చొప్పున చూస్తే స్థిర చార్జీ పోనూ నెలకు ఆరేడు వందలు మిగలవచ్చు. మీకు ఏ కేటగిరీలో ఇస్తారో, సర్వీసు వైరుతో సహా ఎంత కట్టాలో సెక్షన్ ఆఫీసులో ముందే రాయించుకోండి. ఆ ఖర్చు రెండేళ్లలో తిరిగొస్తుందనుకుంటేనే తీసుకోండి. నేనైతే ఆరు నెలలు ఉన్న మీటరుతో నడిపి, నిజంగా ఎన్ని యూనిట్లు అవుతున్నాయో చూసి అప్పుడు తేల్చుకుంటాను.

చివరగా అప్పు. 62 వేలను 9 శాతానికి ఏడేళ్లు సాగదీస్తే నెలకు దాదాపు వెయ్యి, మొత్తం 84 వేల దాకా కడతారు. గోడకు బిగించిన పెట్టెకు 22 వేల వడ్డీ! 15 వేలు చేతి డబ్బుతో కట్టేయండి. తెలంగాణలో ఎలక్ట్రిక్ కారుకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. ఆ మిగులులో ఇది చిన్న ముక్క. సంతకం పెట్టే ముందు డీలరు ఇచ్చే ప్రొఫార్మాలో (ధరల పత్రంలో) ఆ చార్జర్ వరుసను కొట్టేయించండి. అప్పు వడ్డీ మీద లక్షన్నర పన్ను మినహాయింపు వస్తుందని షోరూములో ఎవరైనా అంటే, ఆ 80ఈఈబీ సెక్షన్ 2023 మార్చి 31 లోపు మంజూరైన అప్పులకే వర్తిస్తుందని చెప్పండి.