సూడాన్‌లో మూడు రోజుల ఎర్రజెండా

ప్రశ్న: శ్రీకాకుళ పోరాట నాయకులు సత్యం, కైలాసం చనిపోయిన మరుసటి ఏడు, 1971 జూలైలో, సూడాన్ కమ్యూనిస్టులు అధికారం పట్టి మూడు రోజుల్లోనే పోగొట్టుకున్నారని మా పెద్దలంటారు. వాళ్ళకంత బలం ఎక్కడిది? అంత తొందరగా ఎలా పోయింది? – ఒక పాఠకుడు, పలాస

జవాబు: బలం ఎక్కువగా రైలు పట్టాల మీదే ఉండేది. పార్టీ 1946లో పుట్టింది. ఈజిప్టులో చదివొచ్చిన కుర్రాళ్ళు పెట్టినా, ఊపిరి పోసింది అత్బరా రైల్వే వర్క్‌షాపు కార్మికులు. పోర్ట్ సూడాన్ రేవుకు లైను చీలేది అక్కడే. ఆ జంక్షన్‌లో పని ఆగితే ఏమవుతుందో పలాస వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. రెండో ఆసరా గెజిరా అనే సాగునీటి ప్రాంతంలోని పత్తి కౌలు రైతులు. పంట ఆదాయంలో వాళ్ళ వాటా 40 శాతం, మిగతాది సర్కారుకూ సాగు నడిపే కంపెనీకీ పోయేది. 1964 అక్టోబరులో సార్వత్రిక సమ్మెతోనే సైనిక పాలకుడు అబ్బూద్ దిగిపోయాడు. మరుసటి ఏడు పార్లమెంటు ఎన్నికల్లో పట్టభద్రుల స్థానాలు 15లో 11 పార్టీవే. గెలిచినవారిలో ఫాతిమా అహ్మద్ ఇబ్రహీం ఆ పార్లమెంటులో తొలి మహిళ. ఆ ఏడాది చివర్లోనే పార్టీని నిషేధించారు. అది చెల్లదని కోర్టు తీర్పిచ్చినా పార్లమెంటు ఖాతరు చేయలేదు.

1969 మే 25న సైనికాధికారి నిమేరీ తిరుగుబాటుతో అధికారం పట్టాక పార్టీ రెండుగా చీలింది. పార్టీని రద్దుచేసి ప్రభుత్వంలో కలిసిపోదామన్నది ఒక వర్గం, కుదరదన్నది కార్యదర్శి అబ్దుల్ ఖాలిక్ మహ్‌జూబ్. 1970 నవంబరులో నిమేరీ పార్టీకి దగ్గరైన ముగ్గురు సైనికాధికారులను ప్రభుత్వం నుంచి తప్పించాడు. వాళ్ళలో హాషిం అల్ అతా 1971 జూలై 19న ఎదురుతిరిగి, నిమేరీని బంధించాడు.

మాకు తోచిన పొరపాట్లు రెండు. నాయకత్వం చేపట్టాల్సిన మిగతా ఇద్దరు, బాబికర్ అల్ నూర్, ఫారూఖ్ హమదల్లా, అప్పటికి లండన్‌లో ఉన్నారు. 22న వస్తుంటే వాళ్ళ విమానాన్ని లిబియాలోని బెంఘాజీలో దించేసి, ఆ దేశ పాలకుడు గద్దాఫీ వాళ్ళను నిమేరీకి అప్పగించాడు. ఇక రాజధాని ఖార్టూమ్‌లో అదేరోజు ఎర్రజెండాలతో ఊరేగింపు తీశారు. బలం కూడదీసుకోకముందే రంగు బయటపెడితే భయపడే వాళ్ళంతా ఒక్కటవుతారు కదా! ఆ సాయంత్రానికి నిమేరీ వైపు సైన్యం టాంకులు రోడ్డెక్కాయి, నిమేరీ తిరిగొచ్చాడు. అత్బరాలో సమ్మె చేయించగల పార్టీకి బ్యారక్స్‌లో పట్టున్నది కొందరు అధికారుల మీదే. కార్మిక నాయకుడు షాఫీ అహ్మద్ అల్ షేక్‌ను, 28న మహ్‌జూబ్‌నూ దక్షిణ సూడాన్ వ్యవహారాల మంత్రి జోసెఫ్ గరాంగ్‌నూ ఉరితీశారు.

ప్రశ్న: తర్వాత పార్టీ మిగిలిందా? – ఒక పాఠకురాలు, నెల్లిమర్ల

జవాబు: మిగిలింది. మహమ్మద్ ఇబ్రహీం నుగుద్ పగ్గాలు పట్టి, 1985లో నిమేరీ పడిపోయేదాకా అజ్ఞాతంలోనే నడిపాడు. 1986 ఎన్నికల్లో వచ్చినవి 3 సీట్లు. 1989 జూన్ 30న సైనికాధికారి బషీర్ తిరుగుబాటు చేశాక పార్టీలన్నీ మళ్ళీ నిషేధంలో పడ్డాయి.