అరగంటలో కొరియన్ స్టైల్ బీఫ్ శాండ్‌విచ్: బ్రెడ్ నానిపోకుండా ఎలా చేయాలి?

ఈ శాండ్‌విచ్ చేస్తే ఖీమాలో నీళ్లు ఊరిపోయి, రెండుసార్లు కొరికేలోపే బ్రెడ్ మెత్తబడి చేతిలో ఊడిపోతోందని మీరు రాశారు. నాకూ మొదట్లో అచ్చం ఇలాగే అయ్యేది. మీ కొలతల్లో తప్పేమీ లేదండీ. సాస్ తొందరపడి పోసేస్తున్నారు, అంతే.

మేం డల్లాస్ దగ్గర ఉంటాం. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చే రోజుల్లో మా ఇంట్లో రాత్రికి ఇదే. నేను వరంగల్ వైపు పుట్టి, పెద్దకూర తిని పెరిగినదాన్ని. ఖీమా వండేటప్పుడు నీళ్లన్నీ ఇగిరి నూనె తేలేదాకా అమ్మ మసాలా వెయ్యనిచ్చేది కాదు. ఈ శాండ్‌విచ్ నాకు కుదిరింది ఆ మాట గుర్తొచ్చాకే.

నలుగురికి ఒక పౌండు, అంటే సుమారు 450 గ్రాముల గ్రౌండ్ బీఫ్ చాలు. 85/15 అని, అంటే 15 శాతం కొవ్వు అని ఉన్న ప్యాకెట్ తీసుకోండి, ఆ కొవ్వుతోనే వేగిపోతుంది. వెడల్పాటి పాన్ బాగా కాలనిచ్చి, ఖీమా పలచగా పరిచి, మూడు నిమిషాలు గరిటె పెట్టకండి. వెయ్యగానే కలిపితే నీళ్లు వదిలి అందులోనే ఉడుకుతుంది, వేగదు. మూత కూడా వద్దు. చెవి పొయ్యి వైపు పెట్టండి: మొదట ఉడుకుతున్న చప్పుడు ఉంటుంది, నీళ్లు అయిపోగానే అది చిటపటగా మారుతుంది. ఒక ముక్క తిప్పి చూస్తే అడుగున ముదురు గోధుమ రంగు పట్టి ఉంటుంది. అప్పుడు విడగొట్టి ఇంకాస్త వేయించి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కొంచెం అల్లం తురిమి వెయ్యండి. పచ్చివాసన పోయాకే సాస్.

సాస్‌కి మూడు టేబుల్‌స్పూన్ల సోయా సాస్, ఒకటిన్నర గొచుజాంగ్ (కొరియావాళ్ల మిరప ముద్ద), ఒకటిన్నర బ్రౌన్ షుగర్, ఒక టీస్పూను వెనిగర్. ముందే గిన్నెలో కలిపి ఉంచుకోండి. మంట తగ్గించి పోస్తే రెండు నిమిషాల్లో ముక్కకి పట్టేస్తుంది. చక్కెర ఉంది కాబట్టి పక్కకి వెళ్లొద్దు, మాడుతుంది. వేరే ఉప్పు అక్కర్లేదు.

గొచుజాంగ్ అంటే మిరపపొడి, బంక బియ్యం, పులిసిన సోయా గింజల పొడి, ఉప్పు కలిపి ఊరబెట్టిన ముద్ద. ఆ ఎరుపు చూసి మన పండుమిర్చి పచ్చడంత కారం అనుకోకండి. తీపి, పులిసిన రుచి ముందు తగిలి, కారం మెల్లగా వస్తుంది. అందుకే దాని బదులు గుంటూరు కారం వేస్తే మంట తప్ప ఇంకేమీ రాదు. నేను ఇక్కడ దగ్గర్లోని కారల్‌టన్‌లో హెచ్ మార్ట్ అనే కొరియన్ సరుకుల షాపులో తెస్తాను. డబ్బా ఫ్రిజ్‌లో నెలల తరబడి నిలవ ఉంటుంది.

నువ్వుల నూనె దగ్గర కూడా జాగ్రత్త. మనం ఊరగాయల్లో పోసే పప్పునూనె పచ్చి నువ్వులది. కొరియావాళ్లది వేయించిన నువ్వులది, రంగు ముదురు, వాసన గాఢం. అది ఒక్క టీస్పూను, స్టవ్ ఆపాక.

బుల్గోగికి (పలచటి మాంసం ముక్కలు నానబెట్టి కాల్చే కొరియన్ వంటకం) పియర్ తురిమి నానబెడతారు కదా, ఇందులోనూ వెయ్యాలా అని అడిగారు. అక్కర్లేదు. పియర్ వేసేది మాంసం ముక్కల్ని మెత్తబరచడానికి, ఖీమా ముందే నలిగి ఉంది. పైగా మళ్లీ నీళ్లే.

ఖీమా వేగేలోపు ఒక కీరా సన్నటి చక్రాలుగా కోసి ఉప్పు, వెనిగర్, చిటికెడు చక్కెర కలిపి పది నిమిషాలు ఉంచండి. బన్‌లో పెట్టేముందు గుప్పెట్లో గట్టిగా పిండండి. మీ బ్రెడ్ నానడానికి పిండని కీరాలోని నీళ్లు కూడా ఒక కారణం కావచ్చు. బన్ లోపలివైపు వెన్న రాసి ఎర్రగా కాల్చి, రెండు వైపులా మయొనైజ్ పూయండి. ఆ జిడ్డు పొర తడిని లోపలికి పోనివ్వదు.

బీఫ్ తినని స్నేహితులొస్తే టర్కీ ఖీమాతో చేస్తాను, పాన్‌లో ముందు రెండు చెంచాల నూనె వేసి. మిగిలితే పారెయ్యకండి. మర్నాడు వేడన్నంలో కలిపి పైన గుడ్డు వేసి పెడితే మా అమ్మాయి శాండ్‌విచ్ కంటే అదే ఇష్టంగా తింటుంది.