స్పీకర్లు కొనేముందు యాంప్లిఫయర్ వెనక పలక చదువు

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

రాయగడలో ఇల్లు పూర్తయిందని, మీ నాన్నగారి యాంప్లిఫయర్‌ని హాల్లో పెట్టి దానికి తగ్గ మంచి స్పీకర్ల కోసం లక్షన్నర పక్కన పెట్టావని మొన్న ఫోనులో చెప్పావు. అప్పటి నుంచి నా మనసు దాని మీదే ఉంది. ఇలాంటి సంగతులు ఫోనులో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

కంపెనీల పేర్లు చూడటం కొన్నాళ్లు ఆపు. ముందు ఆ యాంప్లిఫయర్‌ని ఇటు తిప్పి వెనక పలక చదువు. అది కొన్నరోజు నేను మీ నాన్నగారి పక్కనే ఉన్నాను. నాకు గుర్తున్నంతవరకు ఒక్కో చానల్‌కి, అంటే ఒక్కో వైపు స్పీకరుకి, 40 వాట్లు, అదీ 8 ఓముల స్పీకర్లకు. ఓము అంటే స్పీకరు కరెంటుని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత. తీగలు బిగించేచోట '8 నుంచి 16 ఓములు' అని ఉంటే 4 ఓముల స్పీకర్ల జోలికి వెళ్లొద్దు. ఓములు తగ్గేకొద్దీ స్పీకరు ఎక్కువ కరెంటు లాగుతుంది, అది ఇవ్వలేక పాత యాంప్లిఫయర్ వేడెక్కిపోతుంది. పైగా కరపత్రంలో వేసే 8 ఓములు సుమారు లెక్క మాత్రమే. కెఫ్ కంపెనీ 2012లో తెచ్చిన ఎల్‌ఎస్50 చూడు, చిన్న పెట్టె, చాలా పేరున్న స్పీకరు. దాని మీద 8 ఓములనే ఉంటుంది, కానీ కొన్ని స్వరాల దగ్గర 3.2 ఓములకు దిగుతుంది. కాబట్టి షాపులో 'కనిష్ఠం ఎంత?' అని తప్పకుండా అడుగు.

ఇరవై ఏళ్ల కిందట నేను ఇది అడగలేదు. ఒక షాపులో నిలువెత్తు టవర్ స్పీకర్లు విని మురిసిపోయి తెచ్చుకున్నాను. అక్కడ వాటిని నడిపింది 200 వాట్ల యాంప్లిఫయర్, ఆ మాట వాళ్లు చెప్పలేదు. ఇంటికి తెచ్చి నా చిన్న యాంప్లిఫయర్‌కి తగిలిస్తే మృదంగం మట్టికుండ మీద కొట్టినట్టు వినపడింది. బాగా వినపడాలని సౌండు పెంచుతూ పోయాను. రెండో నెలలో ఒక ట్వీటర్, అంటే పెట్టెలో సన్నని పై స్వరాలు పలికే చిన్న స్పీకరు, కాలిపోయింది. వాట్లు ఎక్కువైతేనే స్పీకరు కాలుతుందని చాలామంది అనుకుంటారు. శక్తి చాలని యాంప్లిఫయర్‌ని బలవంతాన పెంచినా కాలుతుంది. అప్పుడు శబ్ద తరంగం తలలు తెగిపోతాయి, ఆ తెగిన తరంగంలో అదనంగా పుట్టే పై స్థాయి శక్తి అంతా పోయి ట్వీటర్ మీద పడుతుంది. డబ్బు పోయినందుకు బాధపడ్డాను గానీ, ఆ రెండు నెలలు నాకు పాట మీదే విసుగు పుట్టింది, అది ఇంకా బాధ. నీకు ఆ పరిస్థితి రాకూడదు.

ఇక సెన్సిటివిటీ. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత గట్టిగా, అంటే ఎన్ని డెసిబెల్స్, వినపడుతుందో చెప్పే అంకె అది. 3 డెసిబెల్స్ తేడా అంటే సగం వాట్లు. 89 ఉన్న స్పీకరు 40 వాట్లతో చేసే పని 86 ఉన్నది చెయ్యాలంటే 80 వాట్లు కావాలి. బీబీసీ వాళ్లు తమ ప్రసార వ్యాన్ల కోసం చేయించుకున్న ఎల్‌ఎస్3/5ఏ అనే చిన్న స్పీకరు సుమారు 83 మాత్రమే. దగ్గరగా కూర్చుని గొంతు వినడానికి అది గొప్పది, కానీ పెద్ద హాలుకి చాలదు. 1946 నుంచి వస్తున్న క్లిప్ష్‌హార్న్ అనే పెద్ద స్పీకరు 105 దాకా ఇస్తుంది, కానీ దానికి గది మూల మొత్తం రాసివ్వాలి. నీకు 88 నుంచి 90 మధ్య ఉన్నవి సరిపోతాయి. ఒక్క జాగ్రత్త: అంకె పక్కన '2.83 వోల్టులకు' అని రాస్తారు. 8 ఓములకు అది ఒక వాటు, 4 ఓములకు రెండు వాట్లు. అంటే 4 ఓముల స్పీకరు అంకెలో 3 డెసిబెల్స్ ఊరికే కలిసి ఉంటాయి.

గది సంగతి ఇంతకంటే ముఖ్యం. హాలు మధ్య నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టు. టింగుమని మోగితే, ఎన్ని లక్షలు పెట్టినా ఆ మోతే వింటావు. అమెరికా వాళ్ల చెక్క ఇళ్ల గోడల్లోంచి బేస్, అంటే కింది స్వరాల మోత, కొంత బయటికి పోతుంది, మన ఇటుక గోడలు దాన్ని లోపలే తిప్పికొడతాయి. అందుకే అక్కడ 'బేస్ తక్కువ' అనిపించుకున్న స్పీకరు మన ఇంట్లో నిండుగా ఉంటుంది. 12 అడుగులకు 15 అడుగుల హాల్లో ఆరున్నర అంగుళాల వూఫరు (ఆ కింది స్వరాలు పలికే పెద్ద స్పీకరు) చాలు, పెద్ద టవర్లు వద్దు. బేస్ రంధ్రం వెనక వైపు ఉంటే గోడకు అడుగున్నర ఎడం ఉంచు. ట్వీటర్ నీ చెవి ఎత్తులో ఉండాలి. నువ్వు కూర్చునే చోటే కూర్చుని, అమ్మాయిని పక్క గోడ వెంట అద్దం జరుపుతూ వెళ్లమను. అద్దంలో ట్వీటర్ కనిపించినచోట మందపాటి బొంత వేలాడదీయి. పలచటి తెర పనిచెయ్యదు.

పేపరు మిల్లులో పనిచేసేవాడివి, ఇది నీకు నచ్చుతుంది. ఎంతో ఖరీదైన స్పీకర్లలో కూడా ఇప్పటికీ కాగితపు గుజ్జుతో చేసిన కోన్లు, అంటే కదులుతూ శబ్దం పుట్టించే గరాటు లాంటి భాగాలు, వాడతారు. తేలికగా ఉంటుంది, తనలో తాను మోగదు. కాగితమని చులకన చెయ్యకు. కోన్ చుట్టూ ఉండే అంచు మాత్రం రబ్బరుదై ఉండాలి. నురగ అంచులైతే ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతాయి. మా ఊళ్లో గోపాల్‌పూర్ గాలికి అలా పాడైనవి ఎన్నో చూశాను. సెకండ్ హ్యాండ్ కొంటే ముందు వేలితో ఆ అంచు తాకి చూడు.

వినడానికి విశాఖపట్నం వెళ్లేటప్పుడు ఆ యాంప్లిఫయర్‌ని నీతోనే తీసుకెళ్లు. విజయనగరం మీదుగా రైలుంది, బరువని మానెయ్యకు. దానితో వినకుండా కొనడం అంటే కళ్లు మూసుకుని కొనడమే. నీకు కంఠస్థమైన పాటలే పట్టుకెళ్లు. ఒక ఆడగొంతు, ఒక వయొలిన్, మృదంగమో మర్దలమో గట్టిగా ఉన్నది, ఒక పాత మోనో రికార్డింగు, అంటే రెండు పెట్టెల్లోనూ ఒకటే ధ్వని వచ్చేది. మోనో వేసినప్పుడు గొంతు రెండు పెట్టెల నడుమ ఒక్కచోట నిలబడాలి. చెదిరిందంటే తీగల ఎరుపు నలుపు తిరగబడి ఉండొచ్చు, ముందు అది చూడు. రెండు జతల్ని పోల్చేటప్పుడు సౌండు సమానం చేయించు. కాస్త గట్టిగా మోగిందే బాగున్నట్టు అనిపిస్తుంది. గంటసేపు విను, చెవి అలసిపోతే ఆ జత వద్దు.

ఖరీదైన తీగలు అంటగట్టబోతే ఒప్పుకోకు. ఇంటి వైరింగుకి వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఆ దూరానికి సరిపోతుంది. ఆ డబ్బు స్టాండ్లకు, బొంతకు పెట్టు.

వచ్చే నెల మొదటి వారంలో రాయగడ వస్తున్నాను. కొలత టేపు నేను తెస్తాను. ఈలోగా వెనక పలక ఫోటో, హాలు పొడవు, వెడల్పు, కిటికీలు ఎటున్నాయో రాసి పంపు. అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య