మారేడుమిల్లి బుష్ బ్రౌన్‌కి పేరు పెట్టేముందు

అమ్మడూ,

మారేడుమిల్లిలో దొరికిన బుష్ బ్రౌన్ సీతాకోకచిలుకని కొత్త ఉపజాతిగా ప్రకటిస్తానన్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ పూటంతా కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి నీ ఫొటోలు మళ్లీ చూశాక మాత్రం నిద్ర పట్టలేదు.

అటవీ శాఖ అనుమతి ముందే తీసుకో. పట్టినదాన్ని త్రికోణపు కాగితప్పొట్లంలో పెట్టి, తేదీ, చోటు, ఎత్తు అక్కడే పెన్సిల్‌తో రాయి. ఇవి నీకు తెలిసినవే.

ఆ ఫొటోలన్నీ ఫిబ్రవరివే. రెక్క అడుగున కళ్లలా కనిపించే కళ్లచుక్కలు చుక్కంతైనా మిగల్లేదు, అంతా ఎండుటాకు రంగు. ఇలాంటిది ఎక్కడా లేదని రాశావు. వానల్లో వెళ్లి చూశావా తల్లీ? చూడకుండా అంత మాట ఎలా రాశావు? బుష్ బ్రౌన్‌లు రుతువుకో వేషం కడతాయి. వానాకాలంలో ఆ కళ్లచుక్కలు పసుపు వలయాలతో పెద్దవిగా ఉంటాయి. పక్షి వాటినే పొడిస్తే రెక్క అంచు చిరుగుతుంది కానీ ప్రాణం దక్కుతుంది. ఎండల్లో రాలిన ఆకుల మీద కదలకుండా కూర్చోవాలి, అప్పుడు చుక్కలుంటే పట్టిచ్చేస్తాయి. ఏ వేషమన్నది చాలావరకు గొంగళి పెరిగేటప్పటి వేడే తేలుస్తుంది.

జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ అంతటివాడు 1758లో పీకాక్ ప్యాన్సీ అనే ఒకే సీతాకోకచిలుక రెండు రూపాలనీ అల్మానా, అస్టెరీ అని రెండు జాతులు చేశాడు. ఆయన చేతికొచ్చినవి ఎండిన రెక్కలు. ఏది ఏ నెలలో ఎగిరిందో, ఏ తల్లి పిల్లో రెక్కని చూస్తే ఎలా తెలుస్తుంది? మన దేశపు బుష్ బ్రౌన్‌ల సంగతి తేలింది కలకత్తాలో. సీతాకోకచిలుకల శాస్త్రవేత్త లయొనెల్ డి నిసెవిల్ వాటినీ వాటి దగ్గరి చుట్టాలనీ పెంచి చూసి, ఆ రుతురూపాల గురించి 1886లో అచ్చువేశాడు. నువ్వూ అదే చెయ్యి. జూన్‌లో ఒక ఆడదాన్ని కుండీలోని గడ్డి మీద వదిలి వలగుడ్డ కప్పు. గడ్డి ఆకుకి తెల్లటి పూసల్లాంటి గుడ్లు కనిపిస్తాయి. తలమీద రెండు బుడిపె కొమ్ములున్న గొంగళులు వస్తాయి. వాటిలో సగాన్ని చల్లటిచోట, సగాన్ని వెచ్చటిచోట పెంచు.

ఆ తర్వాత మగవాటి పొట్టకొస తీసి జననాంగాలు పోల్చు. ఒడిశావీ పడమటి కనుమలవీ పక్కన పెట్టు. తేడా రెండు రుతువుల్లోనూ నిలిచి, ఆ కొండలకే పరిమితమైతే అప్పుడు రాయి. హోలోటైప్, అంటే ఆ పేరుకి ఆధారంగా నిలిచే నమూనా, ఒక్కటే, ఏదో స్పష్టంగా చెప్పాలి. దాన్ని కోల్‌కతాలోని జువలాజికల్ సర్వేకి అప్పగించు. ఉపజాతిగా అచ్చయిన పేరు తప్పని తేలినా చెరగదు, పర్యాయనామాల్లో, అంటే ఒకే జీవికి పెట్టిన వేరే పేర్ల జాబితాలో, నీ ఇంటిపేరుతో సహా ఉండిపోతుంది. నా తొందరంతా అందుకే.

ఇంకొకటి. జూన్ అంటే మన్యంలో మలేరియా రోజులు. నాతో అడవికి వచ్చే కుర్రాడొకడు ఆ జ్వరంతోనే పోయాడు, మామూలు జ్వరమేలే అనుకున్నాం. చలి పుడితే ఆ రోజే రక్తపరీక్ష చేయించుకో, పని సగంలో ఉన్నా సరే. దోమతెర నేను పంపుతున్నాను. ఒక్కదానివీ వెళ్లకు. కుండీల దగ్గర కూర్చోవడానికి మనిషి కావాలంటే నేనొస్తాను.

మీ మావయ్య